ఆరో చీటీ

డిసెంబరు పంతొమ్మిది, ఉదయం ఎనిమిదీ పది. నీళ్ళ పంపుల స్టేషన్లో గడియారం బిస్కెట్ల డబ్బాలో అయిదు చీటీలు వేశాడు. ఆరు వేయాలి.

గడియారం అంటే మనిషే. పంపుల దగ్గర ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎనిమిది గంటల డ్యూటీకి ఏడూ యాభైకి గేటు దాటతాడు. ఏడూ నలభై తొమ్మిదికి దాటిన రోజు లేదు, ఏడూ యాభై ఒకటికి దాటిన రోజూ లేదు. అందుకని ఆ పేరు పడింది. తర్వాత ఇంటిదాకా పాకింది.

స్టేషన్లో మేస్త్రితో కలిపి ఆపరేటర్లు ఆరుగురు. పండగ కదా అని ఊరు దాహం మానుకోదు. క్రిస్మస్ నాడు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఎవరో ఒకరు పంపుల దగ్గర ఉండాలి. పైవాళ్ళు ఎవరి పేరు రాసినా ఏడాదంతా ముఖాలు మాడ్చుకోవడమే. అందుకని చీటీలు. పద్ధతి ఇది. డబ్బా కాపలాదారు ఆరు చీటీలు కోసి, పేర్లు రాసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేస్తాడు. కిందటేడు క్రిస్మస్ డ్యూటీ చేసినవాడు చెయ్యి పెట్టి ఒకటి తీస్తాడు. వచ్చిన చీటీని నోటీసు బోర్డుకి గుచ్చుతారు. మిగతా అయిదూ డబ్బాలోనే ఉండిపోతాయి. డబ్బా ఎవరి ఇంట్లో ఉండాలన్నది పదకొండేళ్ళ కిందట ఒక్క నిమిషంలో తేలింది. "గడియారం దగ్గర ఉండనీండి," అన్నాడు మేస్త్రి. ఎవరూ మారుమాట అనలేదు.

పంతొమ్మిదో తారీఖున అతను ఆరు చీటీలూ కోశాడు. పీడనం గీసే పాత చార్టు కాగితం, దళసరిది, తడిసినా చిరగదు. ఆరు పేర్లూ పెన్సిలుతో రాశాడు. పంపుల దగ్గర చెమ్మకి సిరా నిలవదు. తన పేరు రాసిన చీటీని కూడా మడిచాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కూతురు రెండేళ్ళ తర్వాత ఇంటికి వస్తోంది. నర్సు చదువుతోంది. ఇరవై నాలుగు సాయంత్రం దిగి, ఇరవై ఆరు పొద్దున మళ్ళీ బండెక్కాలి. కారణం అంతే. పైగా ఒక లెక్క వేసుకున్నాడు. బుర్రమీసం అనేవాడికి పెళ్ళీ పెటాకులూ లేవు. తాత అనేవాడికి ఇంట్లో గోల పడదు, పండగ నాడు డ్యూటీ ఉంటేనే హాయి అంటాడు. అలాంటివాళ్ళెవరికో వస్తుంది, వాళ్ళకి పెద్ద పట్టింపు ఉండదు. బావమరిదికి వస్తుందని మాత్రం అనుకోలేదు. రెండేళ్ళు వరుసగా వాడికే వచ్చింది. మూడోసారి ఎలా వస్తుంది?

బావమరిది, అంటే భార్య తమ్ముడు, అదే స్టేషన్లో ఆపరేటరు. ఏ పని చేస్తున్నా నోట్లో ఈల ఆగదు. కాబట్టి పేరు ఈల. కిందటేడు డ్యూటీ చేసింది వాడే గనక చీటీ తీయాల్సిందీ వాడే. చెయ్యి పెట్టాడు, కలిపాడు, ఒకటి తీసి విప్పాడు. అందరికీ తిప్పి చూపించాడు.

"నాదే."

"నీకు ఇంకో చెయ్యి లేదట్రా?" అన్నాడు పొడుగు అనేవాడు.

"రెండూ ఒకే అంగట్లో సరుకన్నా. నేను ఉప్పు అమ్మబోతే వాన, పిండి అమ్మబోతే గాలి."

అందరూ నవ్వారు. ఈల కూడా నవ్వాడు. చీటీని బోర్డుకి గుచ్చడానికి గుండుసూది అందించింది గడియారమే.

మర్నాడు జేబులో చీటీ కోసం చూస్తే చొక్కా తీగ మీద ఆరుతోంది. జేబు ఖాళీ. నీళ్ళలో పోయిందనుకున్నాడు. పోతే పోయిందిలే అనుకున్నాడు.

ఇరవై అయిదో తారీఖు తెల్లారి అయిదున్నరకి ఈల బావ ఇంటికి వచ్చాడు. డ్యూటీ ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో క్రిస్మస్ కోడి వాడి చేతిదే. వెన్న, మిరియాలు, వెల్లుల్లి నూరి, కోడి తోలు కింద వేళ్ళు పోనిచ్చి పట్టించాడు. పొట్టలో సగం నిమ్మకాయ పెట్టి, కాళ్ళు దారంతో కట్టాడు. ఏడింటికి చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి వెళ్ళాడు.

"పదకొండున్నరకి ఓవెన్లో పెట్టండి. ఒంటిగంటకి తీయండి. తీశాక పదిహేను నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దు. అక్కా, నువ్వు అసలే ముట్టుకోవద్దు."

"చూశారా వీడి పొగరు," అంది భార్య కాగితం చదివి. కాని ముట్టుకోలేదు.

బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. గడియారం, భార్య, కూతురు, అత్తగారు, ఈల భార్య. ఆరో కుర్చీ మీద అత్తగారి శాలువా ఉంది. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ప్రార్థన కూడా ట్రంక్ కాల్ మాట్లాడినట్టు గట్టిగా, ముక్కు సూటిగా చేస్తుంది.

"ప్రభువా, ఈ భోజనానికి స్తోత్రం. దూరం నుంచి వచ్చిన నా మనవరాలికి స్తోత్రం. అక్కడ డ్యూటీలో ఉన్న నా బిడ్డకి తోడుగా ఉండు. మా ఇంటికి అబద్ధం ఎరగని అల్లుణ్ణి ఇచ్చావు, అందుకు కూడా స్తోత్రం. ఆమేన్."

"ఆమేన్," అన్నారు ముగ్గురు. గడియారం పెదాలు కదిలాయి.

కోడిని భార్య కోసింది. తోలు కరకరలాడింది. పక్కన కాల్చిన బంగాళాదుంపలు, క్యారెట్లు, రొట్టె, గిన్నెడు గ్రేవీ. తర్వాత కూతురు హాస్టలు మెస్ గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, అక్కడ సూప్‌లో చెంచా వేస్తే అడుగు కనిపిస్తుంది. చెంచా మీద కంపెనీ పేరు కూడా చదవొచ్చు."

"అందుకే ఇలా పుల్లయ్యావు. తిను. అల్లుడుగారూ, మీరేంటి, ముక్కని అటూ ఇటూ నడిపిస్తున్నారు? దానికి షికారు అలవాటు చేస్తున్నారా?"

"తింటున్నానండీ."

ఈల భార్య నీళ్ళ జగ్గు నింపడానికి లేచింది. కుళాయి తిప్పితే సన్నటి ధార వచ్చింది. ఊరంతా ఒక్కసారే వంటలు, కడుగుళ్ళు. పండగ మధ్యాహ్నం ఎప్పుడూ అంతే.

"మావయ్య కునుకు తీస్తున్నట్టున్నాడు," అంది కూతురు.

మాట పూర్తయ్యేలోపు ధార లావైంది. జగ్గు నిండి నీళ్ళు ఈల భార్య చేతి మీద పొర్లాయి.

"లేచాడు!" అని కూతురు చప్పట్లు కొట్టింది. అందరూ నవ్వారు. అక్కడ వాడు రెండో పంపు వాల్వు ఎన్ని చుట్లు తిప్పి ఉంటాడో గడియారానికి తెలుసు. గ్లాసు ఎత్తి, తాగకుండా దింపాడు.

ఈల భార్య కూర్చుంటూ అంది. "అన్నయ్యా, మీరైనా ఆయనకి ఒక మాట చెప్పండి. జనవరిలో మేస్త్రి పరీక్ష రాయనంటున్నారు."

"ఎందుకట?" అంది భార్య.

"ఆరుగురిలో మూడేళ్ళూ నాకే వచ్చింది, నా చేతికి ఏదీ కలిసిరాదు, ఫీజు దండగ అంటున్నారు వదినా. మొదట సరదాకి అంటున్నారనుకున్నా. నిన్న పుస్తకాలు కట్ట కట్టి అటక మీద పెట్టేశారు."

"పిచ్చి వెధవ," అంది అత్తగారు. "పుట్టినప్పుడే కరెంటు పోయింది. మంత్రసాని కొవ్వొత్తి వెతుక్కుంది. అప్పుడే అనుకున్నా."

ఆరు చీటీలున్నా వాడిదే వచ్చేదేమో. ఈ ఆరు రోజుల్లో గడియారం ఈ మాట చాలాసార్లు అనుకున్నాడు. ఆరు వేసి ఉంటే ఆ ‘ఏమో’ అవసరం ఉండేది కాదు. బంగాళాదుంప ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

ఒంటిగంటా యాభైకి కేకు కోశారు. కేకు అయ్యాక ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. గిన్నెలు ఎవరు కడగాలన్నది చీటీ తేల్చాలి. స్టేషన్ చూసి నేర్చుకున్నదే. కూతురు చిన్నప్పటి నుంచి నడుస్తోంది. డబ్బా కూడా అదే డబ్బా.

"అమ్మమ్మా, అలమర మీద ఉంది, అందుకో," అంది కూతురు చీటీలు రాస్తూ.

స్టేషన్ చీటీలు తీసేయడం గడియారం మరిచిపోయాడు. ప్రతి ఏడూ పంతొమ్మిదో తారీఖు సాయంత్రమే ఖాళీ చేసేవాడు. ఈసారి డబ్బా మూత తీయబుద్ధి కాలేదు. అలాగే అలమర మీద పెట్టేశాడు. అందులో నాలుగుంటాయి. బోర్డు మీద ఒకటి. మొత్తం అయిదు. అత్తగారు ముప్పై ఏళ్ళు అంకెలతో బతికిన మనిషి.

"నేను తీస్తానుండండి," అని సగం లేచాడు.

"కూర్చోండి, నాకు కాళ్ళున్నాయి." అత్తగారు డబ్బా తెచ్చి, మూత తీసి, బల్ల మీద బోర్లించింది. "ఓహో, ఇంకా ఆఫీసువాళ్ళు దిగలేదు ఇందులోంచి." ఒక్కొక్కటీ విప్పి చదవసాగింది. "మేస్త్రి. బుర్రమీసం. ఇదెవరు, పొడుగు. తాత." గడియారం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. "గడియారం. అయిదు. మావాడిది బోర్డు మీద. ఆరు. లెక్క సరి."

గడియారం బల్ల వైపు చూశాడు. అయిదో చీటీ ఉంది. తన చేతిరాతే. మడిచి లేదు, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. పెన్సిలు గీతలు వెలిసిపోయాయి.

"ఇదేంటి, దీనికి స్నానం చేయించారా?" అంది అత్తగారు.

"అదా," అంది భార్య. "ఈయన చొక్కా జేబులో ఉండిపోయిందమ్మా. ఉతుకుతుంటే దొరికింది, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టా. డబ్బాలోది కదా, పోకూడదని డబ్బాలో వేశా." అతని వైపు తిరిగింది. "చెబుదామనుకుని మరిచిపోయానండీ."

ఈల భార్య చెంచా కింద పెట్టింది. "అంటే ఆ రోజు చీటీ తీసినప్పుడు ఇది డబ్బాలో లేదా అన్నయ్యా?"

అడిగిన గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోడానికి అడిగింది.

"ఉంది," అన్నాడు గడియారం. "తర్వాత సర్దేటప్పుడు కింద పడితే జేబులో వేసుకుని ఉంటాను."

"అదే అనుకున్నా." ఆమె కేకు పళ్ళెం అతని వైపు జరిపింది. "ఇంకో ముక్క తీసుకోండి అన్నయ్యా. మీరేమీ తినలేదు."

భార్య అయిదు చీటీలనీ ఒకచోట చేర్చి, పక్కన పెట్టింది.

ఇంటి చీటీలు డబ్బాలో పడ్డాయి. కూతురు కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. "నాన్న!" అని అరిచింది. "నాన్నకే వచ్చింది!"

"వచ్చిందా, ఒక్కసారైనా," అంది అత్తగారు. "మావాడు వింటే స్టేషన్లో గంతులేస్తాడు. ఉండండి, ఫోన్ చేసి చెప్పాలి."

ఆవిడ ఫోన్ దగ్గరికి వెళ్ళింది. గడియారం వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ భార్య క్యారియర్లో అన్నీ సర్దుతోంది. పెద్ద తొడ ముక్క తమ్ముడికని ముందే తీసిపెట్టింది.

"నేను పట్టుకెళ్తాను," అన్నాడు.

"మరి గిన్నెలు?"

"వచ్చి కడుగుతాను."

ఆమె క్యారియర్ మూత బిగించింది. కొంగుకి చేతులు తుడుచుకుంది. "మీరు కింద పడిన కాగితం ముక్క జేబులో వేసుకోరు. పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నా. కింద పడింది ఏదైనా సరే, ఎక్కడిది అక్కడ పెడతారు."

ఆమె పిడికిలి తెరిచి, చదునుగా ఉన్న చీటీని అతని జేబులో వేసింది. క్యారియర్ చేతికిచ్చింది.

రెండూ ముప్పై అయిదుకి గేటు దగ్గర సైకిలు దిగాడు. ఇంటి నుంచి పన్నెండు నిమిషాలు. లోపల మూడు పంపులూ నడుస్తున్నాయి. ఈల స్టూలు మీద కూర్చుని కాళ్ళు వాల్వు చక్రం మీద పెట్టి ఉన్నాడు.

"ఏం బావా, గిన్నెలు తప్పించుకుని వచ్చావా? అమ్మ ఫోన్ చేసింది. ఊరంతా వినేట్టు చెప్పింది." క్యారియర్ అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు. "అక్క ముట్టుకుందా?"

"కోసింది అంతే."

"అయితే తినొచ్చు." తొడ ముక్క చేత్తో పట్టుకుని కొరికాడు. "ఉప్పు ఒక పిసరు తగ్గింది. నువ్వు కూర్చో."

గడియారం కూర్చోలేదు. "ఒరే, చీటీల్లో నా పేరు లేదు."

"ఏ చీటీల్లో? గిన్నెలవా?"

"ఇక్కడివి. పంతొమ్మిదిన. అయిదే వేశాను. నాది జేబులో పెట్టుకున్నాను."

ఈల నమిలాడు, మింగాడు, నవ్వాడు. "మా ఆవిడ చెప్పేసిందన్నమాట, పరీక్ష సంగతి. అందరూ కలిసి నిన్ను తోలారు. బావా, నీకు అబద్ధం ఆడటం కూడా చేతకాదు. ఇంకెవరినైనా పంపాల్సింది."

"అబద్ధం కాదు."

"నువ్వు అలా చేస్తే ఈ పంపు వెనక్కి తిరుగుతుంది. పో బావా, గిన్నెలు కడుక్కో పో."

గడియారం జేబులోంచి చీటీ తీసి ముందుకు చాపాడు. "ఇది చొక్కాతో పాటు ఉతుకులోకి వెళ్ళింది. మీ అక్కకి అక్కడే దొరికింది. ఇందాక బల్ల మీద మీ ఆవిడ అడిగింది, ఆ రోజు ఇది డబ్బాలో లేదా అని. ఉందని చెప్పాను."

ఈల చేతులు గుడ్డకి తుడుచుకుని చీటీ తీసుకున్నాడు. వెలుగుకి పెట్టి చూశాడు. తర్వాత బావ ముఖం చూశాడు. కాళ్ళు చక్రం మీంచి దింపాడు.

"ఎందుకు?"

"అమ్మాయి వస్తోందని."

"అడిగితే నేను చేసేవాణ్ణి కదా బావా."

"అడగాల్సింది."

"అడగలేదు." చీటీని నాలుగు మడతలు పెట్టాడు. పాత మడతల మీదే పడ్డాయి. "అందరి ముందూ నవ్వాను నేను. గుండుసూది నువ్వే ఇచ్చావు."

"నేనే ఇచ్చాను."

మూడైంది. ఈల లేచి మీటరు దగ్గరికి వెళ్ళాడు. పీడనం నాలుగు పాయింట్ రెండు. డ్యూటీ పుస్తకంలో రాశాడు. తిరిగి వచ్చి సగం తిన్న క్యారియర్ మూసేశాడు.

"ఇప్పుడేం చేద్దామని వచ్చావు?"

"మిగతా డ్యూటీ నేను చేస్తాను. నువ్వు ఇంటికి వెళ్ళు. రాత్రి భోజనమైనా అందరితో కలిసి తిను."

డ్యూటీ మధ్యలో చేతులు మారితే పుస్తకంలో రాయాలి. టైము, ఇద్దరి సంతకాలు, కారణం. కారణం గడిలో మామూలుగా ‘ఒంట్లో బాగాలేదు’ అనో ‘ఇంటి పని’ అనో రాస్తారు. ఎవరూ మళ్ళీ అడగరు. ఈల ‘3.20’ అని రాసి సంతకం పెట్టాడు. పెన్సిలు పుస్తకం మీద అడ్డంగా పెట్టాడు.

"కారణం నువ్వు రాయి," అన్నాడు.

గడియారం రాశాడు. "క్రిస్మస్ చీటీల్లో నా పేరు వేయలేదు." కింద సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికి మేస్త్రి ఆ పేజీ చూసి ముద్ర వేయాలి. ఆ తర్వాత ముగ్గురు డ్యూటీకి దిగేటప్పుడు చదువుతారు.

ఈల అది చదివాడు. చదివి, చీటీని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి తన చీటీ పక్కన గుచ్చాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు. క్యారియర్ తీసుకున్నాడు.

"పరీక్ష..." అన్నాడు గడియారం.

"దాని గురించి నువ్వు మాట్లాడకు బావా."

గేటు దాటేదాకా ఈల వినిపించలేదు. దాటాక కూడా వినిపించలేదు.

నాలుగింటికి పీడనం నాలుగు పాయింట్ రెండు. గడియారం రాశాడు. నాలుగూ అయిదుకి ఇంటికి ఫోన్ చేశాడు. అత్తగారు ఎత్తింది.

"వాడు బయల్దేరాడా? ఎప్పుడు? ఇంకా రాలేదే. ఏమైంది, ఒంట్లో బాగాలేదా వాడికి?"

"బాగానే ఉన్నాడండీ. మిగతా డ్యూటీ నేను చేస్తానన్నాను."

"నాకు తెలుసు బాబూ. పొద్దున్నుంచి మీకు ముద్ద దిగలేదు వాడు లేడని. నేను చూడలేదనుకున్నారా?"

"అది కాదండీ," అన్నాడు. అవతల ఆవిడ అప్పటికే మనవరాలికి చెబుతోంది, మీ నాన్న ఏం చేశాడో తెలుసా అని. ఫోన్ పెట్టేసింది.

నాలుగూ యాభైకి స్టేషన్ ఫోన్ మోగింది. భార్య.

"తమ్ముడు వచ్చాడు," అంది.

"ఎప్పుడు?"

"అరగంటైంది. ఎటో తిరిగి వచ్చినట్టున్నాడు, చెప్పులకి మట్టి. అమ్మ మిమ్మల్ని పొగుడుతుంటే విన్నాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు పైకి మడిచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు కడుగుతున్నాడు."

"అవి నావి. వద్దని చెప్పు."

"చెప్పాను. వినట్లేదు."

"అయితే మీ అమ్మకి నువ్వు చెప్పు. నేను ఏం చేశానో చెప్పు."

"నేను చెప్పను," అంది భార్య. "మీరు ఎనిమిదింటికి వచ్చి చెప్పండి. అందరం కూర్చునే ఉంటాం."

ఆమె ఫోన్ వెంటనే పెట్టలేదు. వెనకాల గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు వినిపించాయి. ధార సన్నగా పడుతోంది.

అయిదింటికి పీడనం మూడు పాయింట్ తొమ్మిది. గడియారం రెండో పంపు వాల్వు ఒకటిన్నర చుట్టు తిప్పాడు. అయిదూ నాలుగుకి నాలుగు పాయింట్ రెండుకి వచ్చింది. పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు.